పచ్చబడిన గనినేలలో గూడు నిలుస్తున్నదా?

తవ్వి వదిలిన గనిభూమిని తిరిగి బాగుచేయడంలో వ్యవసాయ శాస్త్రజ్ఞుల పాత్ర కొత్తది కాదు. ఏ గడ్డి విత్తాలి, ఎంత సున్నం వేయాలి, నేలకోతను ఎట్లా ఆపాలి, ఎన్ని సంవత్సరాలలో నేల కప్పుకుంటుంది అన్నవి మన శాస్త్రానికి చెందిన ప్రశ్నలే. వాటిలో చాలావాటికి సమాధానాలు దొరికాయి. కాని పచ్చబడిన నేల ప్రాణులకు నిజంగా నివాసయోగ్యమైనదా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. దానికి సమాధానం గడ్డి శాతంలో దొరకదు. అక్కడ కూసే పక్షుల లెక్కలో కూడా పూర్తిగా దొరకదు. నేలమీద, గడ్డి దుబ్బులలో, పొదలలో పెట్టిన గూళ్లలో ఎన్నింటి నుంచి పిల్లలు రెక్కలొచ్చి బయటపడ్డాయో తెలిసినప్పుడే దొరుకుతుంది.

చిన్న పక్షుల గూళ్లు విఫలం కావడానికి కారణాలు అనేకం. వాన, ఎండ, తిండి కొరత, పశువుల తొక్కిడి, కోత యంత్రాలు వాటిలో కొన్ని. అయినా పలు ఖండాలలో, పలు ఆవాసాలలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అన్నింటికంటె పెద్ద కారణంగా తేలినది పరభక్షణ, అంటే గుడ్లను గాని పిల్లలను గాని ఇతర జంతువులు తినివేయడం. పునరుద్ధరించిన గనిభూములలోను, అడవి అంచులలోను ఈ పరభక్షణ ఎట్లా పనిచేస్తుందో, భూమిని తీర్చిదిద్దే మన నిర్ణయాలు దానిని ఎట్లా పెంచగలవో తగ్గించగలవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయంలో దీర్ఘకాలంగా అధ్యయనం జరిగిన ప్రాంతం అమెరికాలోని బొగ్గు గనుల మండలం. అందువల్ల ముందుగా అక్కడి అనుభవాన్ని పరిశీలించి, ఆ తరువాత మన గోదావరి లోయ గనులకు వద్దాం.

అడవి కొండలపై గడ్డినేల ఎట్లా పుట్టింది?

అమెరికాలో ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టంపై 1977 ఆగస్టు 3న అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. ఈ చట్టం ప్రకారం గని సంస్థ ముందుగా పూచీ సొమ్ము కట్టాలి. తవ్వకం పూర్తయిన తరువాత గుంటలు పూడ్చి, నేలను పాత ఎత్తుపల్లాలకు దగ్గరగా సరిచేసి, శాశ్వతంగా నిలిచే పచ్చదనాన్ని కల్పించాలి. చివరిసారి విత్తి, ఎరువు వేసిన తరువాత వర్షపాతం తగినంత ఉన్న ప్రాంతాలలో 5 సంవత్సరాలు, ఏటా 26 అంగుళాలకు మించని ప్రాంతాలలో 10 సంవత్సరాలు ఆ పచ్చదనానికి సంస్థ బాధ్యత వహించాలి. అది నిలిచిందని తనిఖీలో తేలితేనే పూచీ సొమ్ము పూర్తిగా విడుదలవుతుంది.

చట్టం ఉద్దేశం మంచిది. అది ఆపదలచుకున్నది కొండచరియలు విరిగిపడటాన్ని, వాగులలో మట్టి పూడిక చేరటాన్ని. ఆ లక్ష్యానికి తగినట్లుగానే గని సంస్థలు పూడ్చిన మట్టిని భారీ యంత్రాలతో బాగా అణగదొక్కి, పైన త్వరగా అల్లుకునే గడ్డి, పప్పుజాతి మొక్కలను చల్లాయి. టాల్ ఫెస్క్యూ గడ్డి, సెరీషియా లెస్పెడిజా వంటి బయటి దేశాల జాతులకు ఇందులో ప్రముఖ స్థానం లభించింది. ఆటమ్ ఆలివ్ అనే పొదను కూడా చాలాచోట్ల నాటారు. గట్టిపడిన నేలలోకి చెట్ల వేళ్లు దిగలేదు. దట్టమైన గడ్డి పోటీకి మొలకలు తట్టుకోలేదు. ఫలితంగా ఒకప్పుడు దట్టమైన ఆకురాల్చే అడవులున్న అప్పలాచియన్ కొండలపై విశాలమైన గడ్డినేలలు ఏర్పడ్డాయి. ఒహాయో రాష్ట్రంలో 'ది వైల్డ్స్' అనే వన్యప్రాణి సంరక్షణ కేంద్రం ఇట్లాంటి పాత బొగ్గు గని భూమిలోనే, మూడున్నర వేల హెక్టార్లకు మించిన విస్తీర్ణంలో నెలకొన్నది.

ఇదే కాలంలో అమెరికా మధ్య మైదానాలలోని సహజ గడ్డినేలలు మొక్కజొన్న, సోయాచిక్కుడు పొలాలుగా మారి, గడ్డినేల పక్షులు గణనీయంగా తగ్గిపోయాయి. అట్లాంటి పక్షులు గనిభూములను వెతుక్కుంటూ వచ్చాయి. హెన్స్లో స్పారో అనే అరుదైన గడ్డిపిట్ట ఇండియానా రాష్ట్రపు నైరుతి భాగంలోని పునరుద్ధరించిన గనులలో మంచి సంఖ్యలో కనిపించినట్లు 2001లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఎవరూ ఉద్దేశించని మేలు ఇది. పైకి చూస్తే కథ ఇక్కడితో సుఖాంతమే.

కనిపించడం వేరు, వృద్ధి చెందడం వేరు

పక్షి ఒకచోట కూస్తున్నదంటే ఆ చోటును అది ఎంచుకున్నదని అర్థం. ఆ ఎంపిక సరైనదని అర్థం కాదు. గడ్డి ఎత్తు, దట్టం, పురుగుల లభ్యత వంటి కొన్ని గుర్తులను బట్టి పక్షి తావును ఎంచుకుంటుంది. తరతరాలుగా ఆ గుర్తులు మంచి ఫలితాన్నే ఇచ్చాయి. మనిషి మార్చిన భూమిలో గుర్తులు మాత్రం మిగిలి, ఫలితం మారిపోవచ్చు. అప్పుడు ఆ తావు పక్షులను ఆకర్షిస్తూనే వాటి సంతతిని హరిస్తుంది. దీనినే ఆవరణ శాస్త్రంలో 'జీవావరణ ఉచ్చు' అంటారు.

వెస్ట్ వర్జీనియాలో ఒక పునరుద్ధరించిన గనిలో గడ్డినేల పిచ్చుకజాతుల సంతానోత్పత్తిపై జరిగిన అధ్యయనం 1982లో వెలువడింది. గూళ్ల నష్టానికి ప్రధాన కారణం పరభక్షణేనని అది చూపింది. అక్కడ పుట్టే పిల్లల సంఖ్య చనిపోయే పెద్ద పక్షుల సంఖ్యను భర్తీ చేయగలదా అన్న ప్రశ్నను కూడా లేవనెత్తింది. ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనది. భర్తీ కాకపోయినా బయటి నుంచి వచ్చే పక్షులతో అక్కడి సంఖ్య ఏటా ఒకేలా కనిపిస్తుంది. ఏటా పక్షులను మాత్రమే లెక్కించే పరిశీలకునికి ఈ లోటు కనబడదు.

గనిభూములన్నీ ఉచ్చులే అని దీనివల్ల తేల్చరాదు. ఇండియానా గనులలో గూళ్లపై తరువాత జరిగిన పని, విశాలమైన గనిగడ్డినేలలను ఇతర గడ్డినేలలతో పోల్చి చూడవలసిన ఆవాసాలుగానే పరిగణించింది. కనుక 'గనిభూమి పక్షులకు మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్న సరైనది కాదు. ఏ ఆకారంలో, ఏ పరిసరాలలో, ఏ యాజమాన్యం కింద ఉన్న గనిభూమి మంచిది అన్నదే సరైన ప్రశ్న. ఇక్కడే అంచుల ప్రస్తావన వస్తుంది.

అంచుపై మారిన అవగాహన

రెండు రకాల ఆవాసాలు కలిసే చోట, ఉదాహరణకు అడవి, బీడు కలిసే హద్దులో, జీవజాతులు ఎక్కువగా కనిపిస్తాయి. ఆల్డో లియోపోల్డ్ 1933లో ప్రచురించిన 'గేమ్ మేనేజ్‌మెంట్' గ్రంథంలో వేట జంతువుల సమృద్ధికి అంచుల ప్రాముఖ్యాన్ని నొక్కిచెప్పారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు అంచులను పెంచడమే వన్యప్రాణులకు మేలు అన్న భావన స్థిరపడింది. పొలాల మధ్య చెట్ల వరుసలు, అడవి మధ్య ఖాళీలు కల్పించడం మంచి యాజమాన్యంగా పేరు పొందింది.

మిషిగన్ రాష్ట్రంలో పొలం, అడవి కలిసే హద్దులలో గేట్స్, గైసెల్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1978లో ఈ భావనను కదిలించింది. అంచుకు దగ్గరగా గూళ్లు ఒత్తుగా ఉన్నాయి. కాని ఆ గూళ్ల నుంచి ఎగిరిపోయిన పిల్లల నిష్పత్తి తక్కువ. పరభక్షులతో పాటు, ఇతర పక్షుల గూళ్లలో గుడ్లు పెట్టే కౌబర్డ్ అనే పక్షి కూడా అంచులలోనే ఎక్కువ నష్టం కలిగించింది. 1985లో డేవిడ్ విల్కోవ్ మేరీలాండ్, టెనెసీ ప్రాంతాలలో కృత్రిమ గూళ్లతో చేసిన ప్రయోగంలో, ఊళ్లకు దగ్గరగా ఉన్న చిన్న అడవి ముక్కలలో గూళ్ల నష్టం పెద్ద అడవిలో కంటె చాలా అధికమని తేలింది.

అప్పటివరకు వెలువడిన అధ్యయనాలను పీటర్ పేటన్ 1994లో సమీక్షించి, అంచు ప్రభావం ఉన్నచోట అది ప్రధానంగా హద్దు నుంచి 50 మీటర్ల లోపలే కనిపిస్తున్నదని పేర్కొన్నారు. 1995లో రాబిన్సన్, ఆయన సహచరులు అమెరికా మధ్యపశ్చిమంలోని 9 భూభాగాలను పోల్చి చూశారు. అడవి ముక్కలైన కొద్దీ పరభక్షణ, కౌబర్డ్ బెడద రెండూ పెరిగాయి. అంటే అంచు వల్ల కలిగే నష్టం ఆ అంచు ఎట్లాంటి భూభాగంలో ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. విశాలమైన అడవి మధ్య ఉన్న చిన్న ఖాళీకి, ఊళ్లు, పొలాలు, చెత్తకుప్పల మధ్య ఉన్న చిన్న వనానికి ఒకే సూత్రం వర్తించదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. అంచు పొదలనే ఆశ్రయించి బతికే పక్షిజాతులు కూడా ఉన్నాయి. అట్లాంటి వాటికి అంచును తొలగించడం ఆవాసాన్ని తొలగించడమే. అందుచేత అంచుపై తీర్పు చెప్పేముందు మనం కాపాడదలచుకున్న జాతి ఏదో తేల్చుకోవాలి.

దోచుకునేది ఎవరు?

పరభక్షి ఎవరో తెలియకుండా చేసే యాజమాన్యం, తెగులు గుర్తించకుండా మందు కొట్టడం వంటిది. పూర్వం పరిశోధకులు గుడ్డుపెంకుల ముక్కలు, చెదిరిన గూడు చూసి దోషిని ఊహించేవారు. గూళ్ల వద్ద చిన్న వీడియో కెమెరాలు అమర్చడం మొదలైన తరువాత ఈ ఊహలలో చాలా భాగం నిలవలేదు. మిస్సోరీలోని బీడుపడిన పొలాలలో పాములు ముఖ్యమైన పరభక్షులని 1999లో వెలువడిన వీడియో అధ్యయనం చూపింది. ఉత్తర డకోటా గడ్డినేలలలో 2000లో వెలువడిన మరొక అధ్యయనంలో నేల ఉడుతలు, నక్కలు వంటి వాటితో పాటు, గడ్డి మేసే జంతువుగానే మనకు తెలిసిన తెల్లతోక జింక సైతం గూటిలోని పిల్లలను తింటూ కెమెరాకు చిక్కింది.

పాములు అంచులలో ఎందుకు ఎక్కువ? గూళ్లు అక్కడ ఒత్తుగా ఉన్నందువల్లనే అని తోచడం సహజం. కెనడాలోని ఒంటారియోలో నల్ల ర్యాట్ స్నేక్‌లకు రేడియో పరికరాలు అమర్చి చేసిన పరిశోధన మరొక కారణాన్ని చూపింది. పాము శీతల రక్త జీవి. ఎండ, నీడ పక్కపక్కనే దొరికే చోటు శరీర ఉష్ణోగ్రతను సర్దుకోవడానికి అనువైనది. అంచు అట్లాంటి చోటు. పాము అక్కడికి ఎండ కాచుకోవడానికి వస్తుంది, దారిలో గూడు తగులుతుంది. పరభక్షి ప్రవర్తనకు, నేల నిర్మాణానికి ఉన్న సంబంధాన్ని ఈ ఒక్క ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

ఒక్కొక్క పరభక్షి దారి వేరు. రకూన్, నక్క వంటి క్షీరదాలు కాలువ గట్లు, బాటలు, కంచెల వెంట నడుస్తూ వాసనతో వెతుకుతాయి. కాకి జాతులు ఎత్తైన కొమ్మ మీద కూర్చుని తల్లిపక్షి రాకపోకలను గమనిస్తాయి. కౌబర్డ్ కూడా అంతే. గనిభూమిలో మనం వేసే రవాణా బాట, వరద కాలువ, మట్టికట్ట, ఒంటరి చెట్టు, విద్యుత్ స్తంభం ఇవన్నీ ఏదో ఒక పరభక్షికి దారిగానో, కావలి మెట్టుగానో ఉపయోగపడతాయి.

ఆకారం చేసే మేలు, కీడు

అంచు ప్రభావం 50 మీటర్ల వరకు ఉంటుందని అనుకుని ఒక చిన్న లెక్క చేద్దాం. 1,000 మీటర్ల భుజం గల చతురస్రాకారపు గడ్డినేల విస్తీర్ణం 100 హెక్టార్లు. చుట్టూ 50 మీటర్లు వదిలితే లోపల మిగిలేది 900 మీటర్ల భుజం గల చతురస్రం, అంటే 81 హెక్టార్లు. అదే 100 హెక్టార్లను 4,000 మీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు గల పట్టీగా మలిస్తే లోపలి భాగం 58.5 హెక్టార్లకు పడిపోతుంది. 25 హెక్టార్ల చొప్పున నాలుగు వేర్వేరు చతురస్రాలుగా విడగొడితే మొత్తం 64 హెక్టార్లు మిగులుతుంది. 200 మీటర్ల భుజం గల 4 హెక్టార్ల ముక్కలో లోపలి భాగం ఒకే ఒక్క హెక్టారు. మిగిలిన మూడు వంతులు అంచే.

ఇప్పుడు మొదటి చతురస్రం నడిమధ్యగా ఒక చెట్ల వరుస నాటామనుకుందాం. వరుసకు పట్టే స్థలాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా లోపలి భాగం 81 నుంచి 72 హెక్టార్లకు తగ్గుతుంది. మనం పోగొట్టుకున్నది ఒక సన్నని వరుస కాదు, 9 హెక్టార్ల సురక్షిత గడ్డినేల. నివేదికలో మాత్రం అది 'అదనపు మొక్కల పెంపకం'గా నమోదవుతుంది.

అమెరికాలో 2004లో ఆరంభమైన అప్పలాచియన్ ప్రాంతీయ పునర్వనీకరణ కార్యక్రమం నేలను అణగదొక్కకుండా కనీసం 4 అడుగుల లోతు వరకు వదులుగా ఉంచి, దేశీయ చెట్లను నాటించే పద్ధతిని ప్రచారం చేసింది. అడవి ఉన్నచోట అడవిని తిరిగి నిలపడం సమంజసమే. అయితే అక్కడక్కడ చిన్న మడులుగా చెట్లు నాటితే అటు నిండైన అడవి ఏర్పడదు, ఇటు గడ్డినేల చీలిపోతుంది. అడవి కావాలనుకున్న చోట పాత అడవికి ఆనుకుని ఒకే విశాల ఖండంగా నాటడం, గడ్డి ఉంచదలచుకున్న చోట దానిని ముక్కలు చేయకుండా వదలడం మేలు. ఏది అడవి, ఏది గడ్డి అన్న నిర్ణయం పటం మీద ముందే జరగాలి.

గూటి సాఫల్యం లెక్కించే తీరు

విద్యార్థుల పరిశోధన పత్రాలలో తరచు కనిపించే లెక్క ఇది: 20 గూళ్లు దొరికాయి, 10 గూళ్ల నుంచి పిల్లలు ఎగిరిపోయాయి, కాబట్టి సాఫల్యం 50 శాతం. ఈ లెక్కలో ఒక లోపం దాగి ఉన్నది. గుడ్లు పెట్టిన తొలి రోజులలోనే ధ్వంసమైన గూడు మన కంటికి దొరకనే దొరకదు. చాలా రోజులు నిలిచిన గూడు దొరికే అవకాశమే ఎక్కువ. అందువల్ల మనం చూసిన గూళ్ల నమూనా విజయం వైపే మొగ్గి ఉంటుంది.

ఒహాయోకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో దీనికి సులువైన పరిష్కారం సూచించారు, 1975లో దానిని మరింత వివరించారు. గూళ్లను కాక, గూళ్లు మన పరిశీలనలో ఉన్న రోజులను లెక్కించాలి. ఒక గూడును ఒక రోజు పరిశీలనలో ఉంచితే అది ఒక గూటి-దినం. ఊహాత్మకంగా, పై 20 గూళ్లు మొత్తం 200 గూటి-దినాలు పరిశీలనలో ఉన్నాయనుకుందాం. 10 గూళ్లు విఫలమయ్యాయి కనుక రోజువారీ నష్టం 10ని 200తో భాగించగా 0.05. రోజువారీ మనుగడ 0.95. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల ఎగిరే వరకు 24 రోజులు పడితే, 0.95ను 24 సార్లు గుణించాలి. వచ్చే ఫలితం సుమారు 0.29. అంటే నిజమైన సాఫల్యం 50 శాతం కాదు, 29 శాతమే.

ఈ లెక్కలో మరొక పాఠం కూడా ఉన్నది. రోజువారీ మనుగడ 0.95 నుంచి 0.97కు పెరిగితే, 24 రోజుల సాఫల్యం 29 నుంచి 48 శాతానికి చేరుతుంది. రోజుకు రెండు శాతం తేడా చూడటానికి అల్పమే. కాని ఒక జనాభా క్షీణించడానికి, నిలదొక్కుకోవడానికి మధ్య ఉన్న తేడా అంతే కావచ్చు. యాజమాన్యంలో చిన్న మార్పులకు కూడా విలువ ఉన్నదనడానికి ఇది ఆధారం.

గుడ్ల దశ, పిల్లల దశలలో నష్టం ఒకేలా ఉండదు కనుక రెండింటినీ విడివిడిగా లెక్కించడం మంచిది. గూడు వయస్సు, అంచు నుంచి దూరం, గడ్డి ఎత్తు వంటి అంశాల ప్రభావాన్ని కూడా కలిపి అంచనా వేసే గణాంక పద్ధతులు ఆ తరువాత అందుబాటులోకి వచ్చాయి. అయినా మేఫీల్డ్ లెక్క అర్థమైన విద్యార్థికే అవి అర్థమవుతాయి.

కృత్రిమ గూళ్ల ప్రయోగాలు చౌక, సులువు. కౌజుపిట్టల ఫారాల నుంచి తెచ్చిన గుడ్లను పెట్టి ఎన్ని మిగిలాయో చూడవచ్చు. కాని ఆ గుడ్డు చిన్న నోరున్న ఎలుకలకు పెద్దది. గూడును కాపాడే తల్లిదండ్రులు లేరు, వాటి కదలిక లేదు, పిల్లల అరుపు లేదు. పోలికకు తప్ప అసలు నష్టాన్ని అంచనా వేయడానికి ఈ ప్రయోగం చాలదు.

మన గనిభూములకు ఈ పాఠం

ప్రాణహిత–గోదావరి లోయ వెంట విస్తరించిన సింగరేణి బొగ్గు క్షేత్రంలో ఇప్పుడు ఉత్పత్తిలో అధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం ప్రాంతాలలో ప్రయాణించే వారికి మట్టిగుట్టలు కొండలవలె కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో మంగంపేట ముగ్గురాయి గనులు, రాయలసీమ, పల్నాడులలోని సున్నపురాయి గనులు ఇదే కోవకు చెందినవి. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గనుల మూసివేత ప్రణాళికలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, తవ్వకం ముగిసిన తరువాత గనిభూమిలో తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసానికి, వృక్ష, జంతుజాలానికి అనువైన స్థితికి తేవాలన్న షరతును గనుల లీజులలో చేర్చాలని ఆదేశించింది. అంటే గడ్డినేల పునరుద్ధరణ ఇకపై న్యాయపరమైన బాధ్యత కూడా. ఆ గడ్డి ఏ జాతి, ఎంత ఖండం, ఎప్పుడు కోయాలి అన్న సలహా కోసం అధికారులు మన విశ్వవిద్యాలయాల తలుపు తట్టక తప్పదు.

అమెరికా ఫలితాలను యథాతథంగా ఇక్కడ వర్తింపజేయరాదు. కౌబర్డ్ మన దేశంలో లేదు. మన కోకిల ప్రధానంగా కాకి గూటిలో గుడ్లు పెడుతుంది, నేలపక్షులకు దానివల్ల ముప్పు లేదు. మన పరభక్షుల జాబితా వేరు: కాకి, జెముడుకాకి, ముంగిస, ఉడుము, జెర్రిపోతు, తొండ, అడవిపిల్లి, నక్క, అడవిపంది, అన్నింటికి తోడు ఊరకుక్క. వీటిలో కాకి, ఊరకుక్క మనిషి వదిలే వ్యర్థాలపై ఆధారపడి పెరిగేవి. గని కాలనీ చెత్త పునరుద్ధరించిన గడ్డినేల పక్కనే పడుతున్నంత కాలం ఏ గడ్డి విత్తినా గూళ్లకు రక్షణ అంతంతమాత్రమే.

గూడు కట్టే పక్షులు కూడా వేరు. తీతువు రాళ్లు నిండిన బయలునేలపై చిన్న పల్లంలో సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. వాటి రంగు గులకరాళ్లలో కలిసిపోతుంది. భరతపక్షి జాతులు మట్టిగడ్డ నీడనో, గడ్డి దుబ్బు మొదటనో గూడు కడతాయి. కముజు, పూరేడు పొదల కింద నేలమీదనే గుడ్లు పెడతాయి. మట్టిగుట్ట పైభాగం, చదును చేసిన రాళ్లనేల వీటికి ఆకర్షణీయంగా కనిపించే చోట్లే. తీతువు పిల్లలు పొదిగిన కొద్ది గంటలలోనే గూడు వదిలి తిరుగుతాయి కాబట్టి, ఈ జాతి విషయంలో గూటి సాఫల్యంతో పాటు పిల్లల మనుగడను కూడా విడిగా చూడాలి.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా గమనించవలసినది పనుల కాలపట్టిక. తీతువు మార్చి నుంచి వర్షాకాలం వరకు గుడ్లు పెడుతుంది. తొలకరిలో మొక్కలు నాటడానికి గుంతలు తీసే పని ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగుతుంది. వేసవిలోనే గడ్డికి నిప్పు అంటుకుంటుంది. వర్షాకాలంలో గడ్డి మీద గూడు కట్టే పక్షుల కాలం మొదలవుతుంది, అదే సమయంలో కోత, మేత కూడా మొదలవుతాయి. మన పచ్చదనపు పనుల పట్టిక, పక్షుల గూళ్ల పట్టిక ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. పరభక్షణ లెక్కలోకి రాని ఈ నష్టం కూడా గూడుకు నష్టమే. గడ్డిని మొదలంటా కోసినప్పుడు మిగిలిన కొద్ది గూళ్లు కూడా కాకికి కనబడిపోతాయి.

ఇక్కడ ఒక సాధారణ ఆక్షేపణ ఎదురవుతుంది. గని నుంచి పొగ, దుమ్ము, నీటి కొరత భరించిన గ్రామస్థులకు గడ్డి, కట్టెలు, మేత కావాలి, పక్షి గూళ్ల కోసం వాటిని ఆపగలమా అని. ఆపనవసరం లేదు. మొత్తం ఖండాన్ని ఒకేసారి కోయకుండా మూడు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని గూళ్ల కాలం ముగిసే వరకు వదిలితే మేతకు పెద్ద లోటు రాదు. పైగా గింజలు తినే పక్షులలో కూడా చాలా జాతులు పిల్లలకు గొంగళిపురుగులను, మిడతలను తినిపిస్తాయి. గనిభూమి పక్కనే పత్తి, వరి సాగుచేసే రైతుకు ఇది పరాయి విషయం కాదు.

క్షేత్రస్థాయిలో పాటించదగినవి

1. గని మూసివేత ప్రణాళికలో గడ్డిఖండాలను వీలైనంత పెద్దవిగా, గుండ్రానికి గాని చతురస్రానికి గాని దగ్గరి ఆకారంలో గుర్తించాలి. వాటి నడుమ చెట్ల వరుసలు, కొత్త బాటలు వేయరాదు.

2. చెట్ల పెంపకం ఉన్న అడవికి ఆనుకుని సాగాలి. గడ్డికి, చెట్లకు మధ్య గీత గీసినట్లు కాక, క్రమంగా ఎత్తు పెరిగే దేశీయ పొదల పట్టీ ఉంచి, దాని ఫలితాన్ని స్థానికంగా పరీక్షించాలి.

3. గుంతలు తీసే ముందు ఆ ఖండంలో నడిచి నేలగూళ్లు గుర్తించాలి. దొరికిన గూడు చుట్టూ పనిని పిల్లలు బయటపడే వరకు వాయిదా వేయాలి.

4. కోత, మేత వంతులవారీగా సాగాలి. కాలనీ, క్యాంటీన్ వ్యర్థాలను గడ్డినేలకు దూరంగా, మూసిన చోట పారవేయాలి.

5. పరిశోధకుడు ప్రతి 3, 4 రోజులకు ఒకసారి మించి గూడును సందర్శించరాదు. గూటి వద్ద ఆగి వెనుదిరిగితే దారి అక్కడే ముగిసి పరభక్షికి ఆనవాలవుతుంది. కనుక గూడును దాటి ముందుకు నడిచిపోవాలి. గుర్తుజెండాను గూటికి కొన్ని మీటర్ల దూరంలో ఉంచాలి. కాకి చూస్తుండగా గూటిని సమీపించరాదు.

6. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యపక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడం, కదిలించడం వేట నిర్వచనంలోకి వస్తాయి. కాబట్టి గూళ్ల అధ్యయనానికి ముందే అటవీశాఖ అనుమతి పొందాలి.

ఈ ఆరింటిలో ఏదీ అధిక వ్యయంతో కూడినది కాదు. కావలసినది కొలమానంలో మార్పు. నేడు పునరుద్ధరణ నివేదికలో హెక్టార్లు, మొక్కల సంఖ్య, బతికిన మొక్కల శాతం ఉంటాయి. వాటి పక్కన మరొక్క వరుస చేరాలి: ఎంపిక చేసిన రెండు మూడు నేలపక్షుల రోజువారీ గూటి మనుగడ రేటు, అంచు నుంచి దూరాన్ని బట్టి. ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండు గూళ్ల కాలాలలో సేకరించగల సమాచారమిది. గోదావరి లోయలోని ఒక్కొక్క పాత గని వద్ద ఒక్కొక్క విద్యార్థి ఈ పని చేపడితే, కొద్ది సంవత్సరాలలో మన నేలకు, మన పక్షులకు, మన పరభక్షులకు సంబంధించిన సొంత అంకెలు చేతికి వస్తాయి.

అప్పటివరకు ఒక గనిభూమి పచ్చగా ఉన్నదని ధ్రువీకరించవచ్చు, పక్షులు వస్తున్నాయని రాయవచ్చు. కోలుకున్నదని మాత్రం సంతకం చేయడానికి మన వద్ద ఆధారం లేదు.